మందు సీసా కాగితం

సమాచార వ్యాసంలో శీర్షికలు చూస్తే కావలసింది ఎక్కడుందో వెంటనే దొరుకుతుందని ఈ రోజే ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. సాయంత్రం బడి నుంచి మా ఊరు పత్తికొండకు వస్తుంటే, మా పక్కింటి మద్దిలేటి దారి పక్కనున్న తన టమోటా తోటలో పురుగుల మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఆటోకు ఫోన్ చేశాను. ఈలోగా ఆయన భార్య లక్ష్మక్క పురుగుల మందు సీసాతో వచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడేం చేయాల్నో దీంట్లో ఉంటాది కదా సార్, చదివి చెప్పు."

మడతలు విప్పాను. ఏ పంటకు ఎంత, ఏ పురుగుకు ఎంత, ఎలా కలపాలి, ఎక్కడ దాచాలి. అన్నీ చీమల్లాంటి అక్షరాలు. మనిషికి ఏమైనా అయితే ఏం చేయాలో మాత్రం కనిపించలేదు.

"యాడుండాది సార్?"

"చూస్తాండా అక్కా."

ఆటో వచ్చేదాకా ఆ మాటే అంటూ ఉండిపోయాను. ఆస్పత్రిలో నర్సు ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, చిట్టచివరి మడతలో వేలు పెట్టి చూపించింది.

మద్దిలేటి ఇప్పుడు లేచి కూర్చుని మాట్లాడుతున్నాడు. ఆ కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే విప్పి చూసి, ప్రాణం కాపాడే మాట ఏ మడతలో దొరికిందో చెప్పండి.