పేరు తీసే ముందు ఊరు చదివించిన బాబు

మా కంప్యూటర్ బాబు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. గుండె ఆగిందని ఆఫీసు నుంచి ఒక బెంగాలీ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఈ బెంగాలీల ఊళ్లో, ఏక్‌బాల్‌పూర్ పేటలో ఒంటి గదిలో ఉంటాను నేను. ఫోన్ పెట్టేశాక అయ్యో అన్నాను. ఆ అయ్యో వినడానికి గదిలో ఎవరూ లేరు. ఆ ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

నాకు చదువు లేదు. ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది బడి కాదు, రేవులో చెక్క పెట్టెలు. రెండు పెట్టెల మీద ఒకే మార్కా ఉండొచ్చు, చేరే ఊరు వేరు. ఊరు చదవకుండా ఎత్తినవాడు సరుకుని పరాయి ఓడ ఎక్కిస్తాడు. అందుకే వేలు పెట్టి, ఒక్కో అక్షరమూ చివరిదాకా చదవడం అలవాటైంది. వయసు మళ్లాక మోత మానిపించి గిడ్డంగుల ఆఫీసులో టీలు అందించే పనిలో పెట్టారు.

మా కంపెనీకి షాలిమార్‌లో ఒక గిడ్డంగి, ఏక్‌బాల్‌పూర్‌లో ఒకటి. రెండింటి సరుకు వివరాలూ ఉండే కంప్యూటర్‌ని చూసుకునేది బాబే. ఎవరైనా రిటైరైతే అందులో వాళ్ల ఖాతా తీసెయ్యాలి. బొమ్మల మీద నొక్కే పని ఆయనకు నచ్చదు. నల్లటి తెర మీద ఒక వరస టైపు చేసేవాడు. అందులో మనిషి పేరు, దాని పక్కనే అతను పనిచేసే చోటు. టైపు చేసి, చేతులు వెనక్కి తీసేసుకుని పిలిచేవాడు.

"మావా, ఇలా రా. ఇదేటో చదువు."

"నీకు రాదేటి బాబూ? అంత సదివినోడివి."

"చదివినోడు మొదటి రెండక్షరాలు చూసి మిగతాది ఊహించేస్తాడు. నీకు ఊహించడం రాదు. అదే నాకు కావాలి."

లోపల పొంగిపోయాను. పైకి మాత్రం టీ చల్లారిపోతోందన్నాను.

"తాళం వెయ్యడం వేరు, తలుపు పీకెయ్యడం వేరు మావా," అనేవాడు. "తాళమైతే మళ్లీ తియ్యొచ్చు. ఖాతా తీసెయ్యడమంటే తలుపు పీకెయ్యడమే." సాయంత్రాలు మరమరాల్లో ఆవకాయ నూనె కలిపి, సగం కాగితంలో పోసి నా బల్ల మీద పెట్టేవాడు. పిలిచేవాడు కాదు, పెట్టేసి పోయేవాడు.

ఒక శుక్రవారం, కొత్తగా చేరిన ఇద్దరికి పని చూపిస్తూ నన్ను పిలిచాడు. నేను వేలు పెట్టి చదువుతుంటే, "మా ఒకటో క్లాసు పిల్లాడు," అన్నాడు బెంగాలీలో. వాళ్లు నవ్వారు. ఆయనది ఉత్త మేలమే. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు మళ్లీ పిలిచాడు. "షాలిమార్ గుమస్తా రిటైరయ్యాడు మావా. ఓసారి చదువు."

"కళ్లజోడు ఇంటికాడ మర్సిపోనాను బాబూ."

"అలాగా. సరేలే."

కళ్లజోడు నా చొక్కా జేబులోనే ఉంది.

అదే పేరుగల గుమస్తా ఏక్‌బాల్‌పూర్‌లోనూ ఉన్నాడు. బాబు చేతి అలవాటున షాలిమార్ బదులు ఏక్‌బాల్‌పూర్ అని కొట్టేశాడు. సోమవారం పొద్దున్న ఏక్‌బాల్‌పూర్ గుమస్తాని కంప్యూటర్ తన ఖాతాలోకి రానివ్వలేదు. కంప్యూటర్లు మనుషుల్ని ఇంటికి పంపేస్తాయని అందరూ భయపడే రోజులు. ఉద్యోగం పోయిందనుకుని అతను టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గేటు మెట్టు మీద కూర్చుండిపోయాడు. గంటలో ఎర్రజెండాలు వచ్చాయి. లారీలు ఆగాయి. బాబు వెళ్లి, అందరి ముందూ అతనికి చేతులు జోడించి, వాళ్ల భాషలో అన్నా అని పిలిచాడు. "తప్పు నాది దాదా. మీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు."

ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆపేశారు. నేను చదవనన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటి నెల పిలిచాడు. "జోడు తెచ్చావేటి మావా?"

"తెచ్చాను."

చదివాను. ఆ తర్వాత ఆయన నన్ను ఎవరి ముందూ మేలమాడలేదు. నన్ను తిట్టినా బాగుండేది. నేను రిటైరైన రోజు నిజం చెప్పేద్దామని ఆయన గదికి వెళ్లాను. వెళ్లి, టీ కప్పులు తీసుకుని వచ్చేశాను. తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు.

నిన్న ఆ బెంగాలీ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఆ రోజు నవ్విన ఇద్దరిలో ఒకతె. ఇప్పుడు బాబు కుర్చీ ఆమెది.

"కాకా, సార్ ఖాతా తీసెయ్యాలి. మీరొచ్చి చదువుతారా? ఒక్కదాన్నే చెయ్యొద్దని సారే నేర్పారు."

వెళ్లాను. జోడు పెట్టుకుని, తెర మీద వేలు పెట్టి, ఆయన పేరు చదివాను. చోటు చదివాను. ఆ పిల్ల చెయ్యి ముందుకు చాపింది.

"ఆగు," అన్నాను. తర్వాతి మాట తెలుగులో వచ్చేసింది. "ఆ రోజు జోడు నా జేబులోనే ఉంది బాబూ."

"ఏమన్నారు కాకా? తప్పుందా?"

"లేదు. అంతా సరిగ్గానే ఉంది. నొక్కు."

నొక్కింది. తర్వాత ఖాతాల జాబితా తెర మీదకి తెచ్చింది. ఒక్కో పేరు చదువుకుంటూ కిందకి వచ్చాను. ఇదివరకు ఆయన పేరుకి పైనున్న పేరూ, కిందున్న పేరూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో సందు కూడా లేదు.