చాచీ తొట్టిలోని ఎర్రపురుగులు

మొన్న మిద్దెమీది ట్యాంకు కడిగిస్తుంటే అడుగు బురదలో సన్నటి ఎర్రపురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. కడిగే మనిషి ఛీ అన్నాడు గానీ, నాకు మాత్రం నారాయణఖేడ్‌లో మా వదిన మైక్రోస్కోపు ముందు వంగి కూర్చున్న రోజులు కళ్లముందు మెదిలాయి.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలమది. వదిన కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ, మనిషిని కుట్టని ఒక రకం దోమల మీద పరిశోధన చేస్తుండేది. ఈ ఎర్రపురుగులు వాటి పిల్లలే. మురుగుకాలువలో దొరికినవీ, పక్కింటి చాచీ వాళ్ల బర్రెల తొట్టిలో దొరికినవీ పైకి అచ్చం ఒకటే, అవే పళ్లు, తోక దగ్గర అవే సన్నటి గొట్టాలు. నిజంగా ఒకే జాతా, రెండా అన్నది క్రోమోజోములు చూస్తే తప్ప తేలదు, అది తేలితే తప్ప వదిన డాక్టరేటు తేలదు. కాలువవి చూడటం అయిపోయింది. తొట్టివి చూద్దామని ఓ ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్తే, తొట్టి తళతళా మెరుస్తూ ఖాళీగా ఉంది!

"పురుగులు పడ్డయని రోజూ తొంగి చూస్తుంటిరి గద బిడ్డా, పరేషానైతున్నరని జల్దీ లేచి సాఫ్ జేసిన" అంది చాచీ సంబరంగా. వదిన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎండలు ముదిరిపోయాయి, ఇక కొత్తగా పురుగులు పట్టవు, అలాంటి తొట్టి వాడకట్టులో ఇంకొకటి లేదు.

సంగతి తెలిసి చాచీ లబోదిబోమంది. తీసిన బురద గోరింటచెట్టు మొదట్లో పోసిందట. ముగ్గురం చతికిలబడి వేళ్లతో కెలికితే, తడి ఆరని గడ్డల్లో కొన్ని ఇంకా బతికే ఉన్నాయి.

ఇంటికి తెచ్చాక వదిన ఒక పురుగులోంచి లాలాజల గ్రంథులు సూదితో తీసి, రంగు వేసి, పైన పల్చటి గాజుబిళ్ల పెట్టి బొటనవేలితో అదిమింది. గట్టిగా అదిమితే క్రోమోజోములు చితికిపోతాయి, మెల్లగా అదిమితే విచ్చుకోవు. మైక్రోస్కోపులో నన్ను చూడమంది. దారప్పోగంత పురుగులో, గొంగడి అంచుల్లా చారలు చారలుగా పరుచుకున్న క్రోమోజోములు చూసి నా ఒళ్లు గగుర్పొడిచింది, దేవుడి పని దొంగచాటుగా చూసినట్టయింది. కాలువ పురుగుల్లో ఉన్న చారల వరుస వీటిలో ఒకచోట తిరగబడి ఉంది, చూసిన ప్రతి పురుగులోనూ అంతే. రెండు జాతులే! వదిన ఏడుస్తూ నవ్వింది. మా వెంటే వచ్చిన చాచీ కూడా కన్ను ఆనించి, "యా అల్లా! గింత పురుగుల గిన్ని గీతలు ఎట్ల గీసినవ్!" అంటూ ఎంతకీ లేవలేదు.

వదినకు డాక్టరేటు వచ్చింది. చాచీ బతికున్నన్నాళ్లూ తొట్టి కడిగే ముందు గోడమీంచి వదినను పిలిచి, కడగమంటావా అని అడిగేది; ఇక అక్కర్లేదు చాచీ అన్నా వినేది కాదు. ఆ వాడకట్టులో ఇప్పుడు బర్రెలు లేవు, తొట్లు లేవు, గోడలు మాత్రం ఎత్తు పెరిగాయి. తాము పారబోసే నీళ్లలో పక్కింటివాళ్లకు కావలసిందేమైనా ఉందేమోనని అడిగేవాళ్లు ఎక్కడున్నారు!