ఖాళీ ఫ్లాస్కు

పాసో ఓంబూ మునిసిపాలిటీలో ఫిర్యాదుల బల్ల జుల్మా తెచేరాది. ఎవరింటి ముందు గుంత పడ్డా, ఏ వీధిలో దీపం వెలగకపోయినా తిట్లన్నీ ముందు ఆవిడకే. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఇంట్లో రేడియో తప్ప ఇంకో గొంతు లేదు. ఆవిడకున్న చుట్టమూ పక్కమూ అంతా మీర్తాయే. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు.

పొద్దున్నే ఆఫీసులో అందరికీ మాతే అనే అక్కడి ఆకు టీ పోసేది మీర్తా. ఎండు సొరబుర్రలో ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్లు వంచి, ఒకరి తరవాత ఒకరికి అందిస్తుంది. అందరూ ఒకే గొట్టంతో పీల్చాలి. మొదటిది పోసేవాళ్లే తాగడం ఆనవాయితీ. రెండోది ఎప్పుడూ జుల్మాది. ఆదివారాలు మీర్తా ఇంటి పెరట్లో మాంసం కాల్చుకు తినడం, ఆమె మొగుడు విల్మాన్ కోసే కోతలకు నవ్వడం, ఇంతే ఆవిడ బతుకు. అదే చాలనుకునేది.

విల్మాన్ మునిసిపాలిటీ మురుగు ట్యాంకరు నడిపేవాడు. ఇళ్ల మరుగుదొడ్ల గుంతలు తోడి, ఊరవతల మురుగు శుద్ధి చేసే చోట వదిలి రావడం అతని పని. ఒక ఆదివారం తింటూ తింటూ నోరు జారాడు. అంత దూరం ఎందుకు, దారిలో వాగులోకి వదిలెయ్యమని మేయరు లారోసా చెప్పాడట. చెప్పింది చేస్తున్నానన్నాడు. మీర్తా విననట్టు పళ్లెం అందించింది. వేసవిలో ఊరి పిల్లలంతా ఈదేది ఆ వాగు దిగువనే.

ఆ వేసవిలో ఫోన్లు మొదలయ్యాయి. పిల్లల ఒంటినిండా పొక్కులు, వాంతులు. వచ్చిన ప్రతి ఫోనూ జుల్మా మేయరుకు చేరవేసింది. ఎండలకు అంతే అని చెప్పమన్నాడు, చెప్పింది. చివరికి ఒకామె తిట్టలేదు, అరవలేదు. పిల్లాడికి నీళ్లు కూడా ఇమడడం లేదని చెప్పి, "వాగులో దిగనివ్వొచ్చా అమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆ సాయంత్రమే జుల్మా తన పేరు చెప్పకుండా రాజధానిలో ఆరోగ్య శాఖకు ఫోన్ చేసింది.

తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఎవరేం చెప్పినా బయటికి పొక్కదని మాట ఇచ్చింది. అనుమానం రాకూడదని, చెప్పడానికేమీ లేనివాళ్లనీ అంతేసేపు కూర్చోబెట్టింది. పాపం, మంచి మనిషే. కానీ తనూ ఆ దేశపు మనిషై ఉండీ ఫ్లాస్కుల సంగతి మరిచిపోయింది.

అక్కడ చంకలో ఫ్లాస్కు, చేతిలో సొరబుర్ర లేకుండా ఎవరూ గడప దాటరు. ఎదుట మనిషిని పెట్టుకుని ఒక్కరే తాగడం మర్యాద కాదు. ఇచ్చి తాగితే ఆ మనిషితో కలిసిపోయినట్టే. అందుకే వెళ్లినవాళ్లంతా మూత తియ్యకుండా బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుని వచ్చారు. జుల్మాకు మాత్రం మొదటి ప్రశ్నకే ఏడుపొచ్చింది. చేతులు ఊరుకోలేక అలవాటుగా సొరబుర్ర నింపి అధికారిణికి అందించింది. ఆవిడ తాగుతూ విన్నది, ఈవిడ పోస్తూ చెప్పింది. మేయరు పేరు చెప్పింది. విల్మాన్ పేరు మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

బయటికి రాగానే మీర్తా, తన నీళ్లు అయిపోయాయంటూ, జుల్మా చంకలోని ఫ్లాస్కు చనువుగా లాక్కుంది. అది తేలిగ్గా చేతిలోకి వచ్చింది. వంచితే ఒక్క చుక్క రాలింది. మీర్తా ఖాళీ సొరబుర్రలోకి చూసి, తరవాత జుల్మా మొహంలోకి చూసింది. ఆఫీసులో అందరూ అది చూశారు.

లారోసా గట్టివాడు. డ్రైవరు బద్ధకించి చేసిన పనని తేల్చి చేతులు దులుపుకున్నాడు. విల్మాన్‌ను లారీ మీంచి దింపి శ్మశానం పనిలో వేశారు. వాగులో వదలడం మాత్రం ఆగింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే," అంది మీర్తా. "ఇంటి మనిషివనే కదా ఆయన నీ ముందు నోరు జారింది."

"విల్మాన్ పేరు నేను చెప్పలేదే. ఒట్టు."

"చెప్పక్కర్లేదుగా జుల్మా. ఊరికి ఉన్నది ఒక్క లారీ. దానికి ఒక్కడే డ్రైవరు."

జుల్మాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆ తరవాత తట్టని రోజు లేదు.

మర్నాటినుంచి సొరబుర్ర ఆవిడ బల్ల దాటి వెళ్లిపోయేది. గోడలకు చెవులుంటాయంటారు, మన గోడ పేరు జుల్మా అని లెక్కల గుమాస్తా దార్విన్ వినపడేలా అనేవాడు. మీర్తా అదీ అనేది కాదు. తిట్టినా బాగుండేదని జుల్మాకు ఉండేది. ఆదివారాలు వాగు గట్టున కూర్చుని పిల్లలు ఈదుతుంటే చూసేది. మునిసిపాలిటీలో బంధువు లేని ఇల్లు ఆ ఊళ్లో లేదు. తల్లులు తల ఊపి కొంచెం అవతలికి జరిగి కూర్చునేవాళ్లు. చేసింది తప్పు కాదని ఆవిడకు తెలుసు. తెలిసినంత మాత్రాన మధ్యాహ్నాలు గడవవు కదా.

కొన్నేళ్లకు అదే అధికారిణి మళ్లీ వచ్చింది. ఊరి ఆసుపత్రి చెత్తంతా శ్మశానం వెనక తగలబెట్టిస్తున్నారని ఎవరో ఫోన్ చేశారట. తగలబెట్టేది విల్మానే. అతని దగ్గు వీధి చివరికి వినిపించేది. ఆఫీసంతా జుల్మా వైపు చూసింది. ఈసారి ఆవిడ కాదు. మూత తియ్యకుండా కూర్చుని, నిండు ఫ్లాస్కుతో తిరిగొచ్చింది.

తరవాత మీర్తా వెళ్లింది. ఆమె బయటికి వచ్చేసరికి ఫ్లాస్కు చంకలో లేదు. రెండు వేళ్లకు వేలాడుతూ ఊగుతోంది. అంత తేలిగ్గా ఊగడం అంటే ఏమిటో జుల్మాకు తెలుసు. దార్విన్ అప్పటికే చెయ్యి చాపి, "మీర్తా, ఒకటి పొయ్యవూ" అంటున్నాడు.

జుల్మా లేచి ఎదురు వెళ్లింది. "ఇటివ్వు. చల్లారిపోయుంటాయి, వేడివి పోసుకొస్తా," అంది.

ఇన్నేళ్లలో ఆమెతో అన్న మొదటి మాట అది. మీర్తా ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, వదిలేసింది. ఇప్పుడు కాకా పడుతోందని దార్విన్ నవ్వాడు. జుల్మా వంటగదిలోకి వెళ్లి, పొయ్యి మీద ఉన్న నీళ్లు నిండా పోసి, బరువైన ఫ్లాస్కు తెచ్చి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

మీర్తా తను తాగింది. రెండోసారి బుర్ర నింపింది. చెయ్యి జుల్మా వైపు కొంచెం వచ్చి ఆగింది. ఈ పూట అది జుల్మా దగ్గరికి వస్తే, ఎందుకొచ్చిందని అందరూ చూస్తారు. చూస్తే, లోపల నోరు విప్పింది మీర్తానని తెలిసిపోతుంది. మీర్తా కళ్లలో నీళ్లు తిరిగాయి. బుర్ర దార్విన్ చేతికి వెళ్లింది. రేపూ అలాగే వెళ్లాలి, ఎల్లుండీ అంతే.

జుల్మా తన బల్ల దగ్గరికి వెళ్లి, తన ఫ్లాస్కు మూత తీసి, ఒక్కతే పోసుకుని తాగింది.