ఆఫ్రికా మీదుగా అక్క ఇంటి పుట్టలోకి

మీరెప్పుడైనా భయంతో ఉపన్యాసం ఇచ్చారా? ధైర్యంగా ఇచ్చినవాటి సంగతి నాకొద్దు. మాట ఆపితే ఏం చెయ్యాల్సి వస్తుందో తెలిసి, అందుకే ఆపకుండా మాట్లాడినవాటి సంగతి అడుగుతున్నాను. నేను ఇచ్చాను. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. లోకంలోని మూఢనమ్మకాలన్నీ నా చేతిలో చావడానికే కాచుకుని కూర్చున్నాయని గట్టిగా నమ్మేవాణ్ణి (ఆ నమ్మకానికి మాత్రం రుజువు అడిగేవాణ్ణి కాదు).

నేను అద్దెకున్న పెంకుటిల్లు బీడీలు చుట్టే ఒక అక్కది. బావ చెరుకు లారీ నడుపుతూ వారానికోసారి ఇంటి ముఖం చూసేవాడు. అక్క అత్తను వాడంతా అవ్వ అని పిలిచేది. ఆ ఇంటి వెనక గదిలో, గోడ మూలన ఒక పుట్ట లేచింది. ఇంట్లో పుట్ట వెలిస్తే తవ్వకూడదు, ఆ గదినే దానికి వదిలెయ్యాలి. అవ్వ అలాగే వదిలేసింది. పసుపు చల్లింది, పాలు పోసింది, ఇద్దరు మనవలనూ ముందు గదిలోకి మార్చి పడుకోబెట్టింది. పుట్ట నడుమెత్తు పెరిగింది. ఒక వానాకాలం ఆదివారం పొద్దున, పుట్ట నుంచి సన్నటి మట్టి దారి ఒకటి గోడ వెంట పైకి పాకి, రెండు గదులకూ ఆధారమైన దూలంలోకి దూరడం చూశాను. స్టూలెక్కి వేలితో కొడితే దూలం ఖాళీ డబ్బాలా మోగింది. ఆ దూలం రెండో కొస కిందే పిల్లలు పడుకునేది. స్టూలు దిగి నేరుగా అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, గీ పుట్ట ఇయ్యాలనే తవ్వాలె. లేకుంటే దూలం పిల్లల మీద పడుతది," అన్నాను.

"తవ్వితే నాగమ్మ ఊకుంటదా బిడ్డా?"

"లోపల పామే లేదవ్వా. ఉన్నయన్ని చెదలే."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గంత గట్టిగ చెప్తున్నవు గదా, మొదాలు నువ్వే చెయ్యి వెట్టు. చెయ్యి మంచిగ బయటికొస్తే తవ్వుకోండ్రి. నేను అడ్డం రాను."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాకే బుర్ర పనిచేసింది. పాము దేవత కాదని నాకు బాగా తెలుసు. కానీ చెదలు వదిలేసిన బొక్కల్లోకి పాములు దూరి కాపురం పెడతాయని కూడా నాకు తెలుసు. ఏమీ చదవనివాడికి ఒక భయమే ఉంటుంది, చదివినవాడికి ఆ భయానికి ఆధారాలు కూడా ఉంటాయి. ఈలోగా వాడలోని ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని వచ్చి కూర్చున్నారు (ఆదివారమైనా బీడీ చుట్టే చెయ్యి ఆగదు). చెరుకు సాగు చేసే పక్కింటి మామ కూడా గుమ్మంలో నిలబడ్డాడు. నేను గడ్డపార గోడకు ఆనించి, గొంతు సవరించుకుని, ఉపన్యాసం మొదలుపెట్టాను.

చెదపురుగు చీమ కాదన్నాను. చీమ కందిరీగల చుట్టమనీ, చెదపురుగు మాత్రం కొయ్య తినే పాతకాలపు బొద్దింకల వంశమనీ, రాక్షసబల్లులు తిరిగిన కాలంలోనే పుట్టిందనీ చెప్పాను. పుట్ట వైపు చూశాను. ఒక బొక్క నల్లగా నా వైపే చూస్తోంది. వెంటనే సముద్రాల మీదికి పోయాను. కొట్టుకుపోయే దుంగల్లో కూర్చుని కొన్ని జాతులు ఖండాలు దాటాయన్నాను. దక్షిణ అమెరికా చూపించాను, ఆస్ట్రేలియా తిప్పాను. చివరికి, పుట్ట లోపల బూజు తోటలు వేసి పంట తీసే జాతులు ఆఫ్రికాలో పుట్టి మన దేశం దాకా వచ్చాయని చెప్పాను.

"పంట తీస్తయా? అంటే అవి గూడ రైతులేనా పంతులూ?" మామ అడిగాడు.

"రైతులే మామా!"

"రైతులైతే నా చెరుకు ముక్కలు నాటంగనే ఎందుకు తింటున్నయ్? వాటి చేనుల నేను పడ్డనా?"

అందరూ నవ్వారు. అదే అదనుగా మళ్ళీ ఆస్ట్రేలియాకు బయలుదేరబోయాను. అక్క చాట పక్కన పెట్టి లేచింది.

"తమ్మీ, నువ్వు దేశాలన్ని తిరిగొచ్చే వరకు మా ఇల్లు కూలుతది," అంటూ గడ్డపార అందుకుని, ఒక్క పోటుతో, చెయ్యి దూరేంత మేరకే, పుట్ట నెత్తి పగలగొట్టింది. "ఇగ పెట్టు చెయ్యి."

పెట్టాను. కళ్ళు మూసుకుని మోచేతి దాకా పెట్టాను. వేళ్ళకు ఏదో తగిలింది. మెత్తగా, తడిగా, గుండ్రంగా ఉంది. నేను వేసిన కేకకు పెంకుల మీది పావురాలు లేచిపోయాయట. వెనక్కి దూకి, బీడీలకు తెచ్చిన తునికాకు కట్టల మీద పడ్డాను. చేతిలో ఆ మెత్తటిది అలాగే ఉంది. గోధుమరంగు తేనెతుట్టెలాంటి ముద్ద, దాని మీద తెల్లటి చుక్కలు.

అవ్వ వంగి చూసింది. "బిడ్డా, నువ్వు చెప్పిన తోట గిదేనా?"

అదే. దాని పుట్టుపూర్వోత్తరాలు ఆఫ్రికా నుంచి ఏకరువు పెట్టినవాణ్ణి, చేతికి తగిలితే పోల్చుకోలేకపోయాను!

చెయ్యి మంచిగానే వచ్చింది కాబట్టి అవ్వ మాట మీద నిలబడింది. అక్కా మామా నేల కిందిదాకా తవ్వారు. అడుగున గట్టి మట్టి గదిలో బొటనవేలంత లావున రాణి కనిపించింది, తెల్లగా, కదల్లేక. "గింత మందిని కన్నదా! పాపం, ఒక్కపారి గూడ ఎండ మొకం సూడలేదేమో," అంది అవ్వ. పుట్టలో చేరకముందు తొలకరికి రెక్కలతో ఒక్కసారి ఎగిరే ఉంటుందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ పొద్దున నేను చేసిన తెలివైన పని అదొక్కటే. దూలం కొస మామ చేతిలో పిండిలా రాలింది. అది చూసి అవ్వ మారుమాట లేకుండా పిల్లల పక్కలు తనే చుట్టి పక్కింటికి పంపింది. వారంలో ఇనుప దూలం పడింది. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడికి ఉన్నంత ధీమా నాకిప్పుడు లేనందుకు కాస్త దిగులు కూడా వేస్తుంది.

ఇది చదివి నవ్వుకుని పక్కన పెడితే నేను ఒప్పుకోను. లేవండి. మీ తలుపు చట్రాలనూ దూలాలనూ ఇప్పుడే వేలితో కొట్టి చూడండి. ఎక్కడైనా డొల్లగా మోగితే ముందు దాని కింద పడుకునేవాళ్ళను లేపండి, తరువాత గడ్డపార అందుకోండి. ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి.