ఉపవాసంలో బియ్యం మూట

నోటి వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. అనకూడనిదేదో అనేసి పోగొట్టుకుంటారు. నేను మాత్రం నోరు జారకుండానే, కేవలం నోటితోనే, కుప్పంలో ఒక ఉద్యోగాన్ని గోతి అంచుదాకా తీసుకెళ్లాను. ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను. కడుపుబ్బ నవ్వుకోండి, కానీ మా సంఘంలో ఎవరి చెవినా వేయకండి.

మాది మదనపల్లె. బెంగుళూరులో మసాజ్ థెరపీ కోర్సు చేశాను. "వీపున్న ప్రతి మనిషీ మీ కస్టమరే" అని మా టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ లెక్కన హోటళ్లూ ఆస్పత్రులూ ఆటగాళ్ల జట్లూ నాకోసం గుమ్మంలో కాచుకుని ఉంటాయనుకుని ఊరికొచ్చాను. వీపులకేం, కావలసినన్ని ఉన్నాయి. టమాటా మార్కెట్టు నిండా నొప్పిపుట్టిన వీపులే. జీతమిచ్చే వీపు ఒక్కటీ దొరకలేదు. ఆదివారం ఆరాధనలో చివరి ఆమేన్ గాలిలో ఉండగానే పెద్దమ్మలంతా మెడలు వంచుకుని నా ముందు వరుసకట్టేవాళ్లు. "దేవుడిచ్చిన సేతులమ్మా నీవి!" అని మెచ్చుకుని పోయేవాళ్లు. దేవుడిచ్చిన చేతులకు డబ్బు ఎందుకని వాళ్ల ఉద్దేశం కాబోలు.

అలాంటి రోజుల్లో కుప్పంలో కొత్తగా తెరిచిన మర్దన కేంద్రం నుంచి పిలుపొచ్చింది. పని చేసి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే పుంగనూరులో మా పిన్ని కుట్టు షాపులో కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టాలని అమ్మ తీర్మానించేసింది. నాకు సూదిని చూస్తేనే చెమటలు పడతాయి.

"బైబిల్లో ఒక రాణి ఉపవాసముండి గదా రాజు ముందరికి పోయినాది? నువ్వూ ఉండు," అంది పాస్టరమ్మగారు.

నాకు భక్తి పొంగింది. ముందురోజు పొద్దున్నే మొదలుపెట్టేశాను. ఒక్క సంగతి మాత్రం నాకూ తట్టలేదు, ఆవిడకూ తట్టలేదు. ఆ రాణి రాజు ముందు నిలబడితే చాలు. నేను రాజు వీపు ముప్పావుగంట పిసకాలి.

పైగా ఉపవాసం నలుగురికీ చాటుకోకూడదు. ముఖం కడుక్కుని, తలకు నూనె పెట్టుకుని, కళకళలాడుతూ కనబడాలని సండే స్కూల్లో నేర్పారు. అందుకని తల జిడ్డోడేలా నూనె పెట్టుకుని కుప్పం బస్సెక్కాను.

పుంగనూరు బస్టాండులో పిన్ని కిటికీలోంచి డబ్బా అందించింది. మూత తీస్తే ఓళిగలు, అదే బొబ్బట్లు, పైన నెయ్యి.

"తినుమే, మొగం వాడిపోయుండాది."

"ఆకలి లేదు పిన్నీ."

"ఓళిగలు సూసి ఆకలి లేదనే పిల్లని నా జల్మలో సూళ్లేదు! జొరమేమన్నా వస్తాండాదా?" అని నా నుదురు పట్టుకుని చూసి, చెయ్యి నిండా నూనె అంటించుకుంది. "సరే, ఆ పని రాకుంటే ఈడ దిగిపో. సూదీదారం రడీగా పెట్టుంటా."

బస్సు కదిలాక పక్కసీటామె డబ్బా వైపు చూసి, "నువ్వు తినవా అమ్మా?" అంది. ఆకలి లేదన్నాను. పలమనేరు వచ్చేసరికి ఆమె డబ్బా ఖాళీ చేసి, వేళ్లు చప్పరించి, "పాపం, ఇంత మంచి ఓళిగలు తినే రాత నీకు లేకపాయెనే," అని నన్ను ఓదార్చింది.

కుప్పంలో కేంద్రం యజమానురాలు శైలజక్క గుమ్మంలోనే అడిగింది. "దూరం నుంచి వచ్చినావు, ఇడ్లీ తిందువు రా."

"ఆకలి లేదక్కా."

అది మూడో బొంకు. ప్రభువును ఎరగనని శిష్యుడు మూడోసారి బొంకగానే కోడి కూసిందంటారు, ఇక్కడ చుట్టుపక్కల ఎక్కడా కూయకపోవడం ఆశ్చర్యమే.

"అయితే మొదలుపెట్టు. లోపల మా అత్త మునెమ్మ ఉండాది. గుడుపల్లెలో సేద్యం చేసి చేసి నడుము పట్టేసింది. ఆమెకు నచ్చితే పని నీదే. ఇంతవరకూ ఆమెకు ఎవురూ నచ్చలేదు. నన్ను కూడా లెక్కేసుకో," అని తలుపు వేసి వెళ్లింది.

బల్ల మీద మునెమ్మగారు చిన్నసైజు కొండలా బోర్లా పడుకుని ఉంది. ముఖం బల్లకున్న రంధ్రంలో. కింద నేలా, నా పాదాలూ తప్ప ఆమెకేమీ కనబడవు. పక్కనే పొయ్యి మీద గిన్నె. దగ్గరికి పోయి చూసి నీరుగారిపోయాను.

అది బియ్యం మూటల మర్దన. ఎర్ర బియ్యాన్ని పాలల్లో, వేర్ల కషాయంలో మెత్తగా ఉడికించి, గుడ్డల్లో మూటలు కట్టి, వేడివేడిగా ఒంటికి రుద్దుతారు. ఒక జత రుద్దుతూ ఉంటే ఇంకో జత పాలల్లో కాగుతూ ఉంటుంది. కోర్సులో నేర్చుకున్నదే. కానీ అప్పుడు కడుపునిండా తిని నేర్చుకున్నాను.

గదంతా పాయసం వాసన. నొక్కినప్పుడల్లా మూటలోంచి వెన్నలాంటి అన్నం పొంగి నా వేళ్ల మధ్యకు వస్తోంది. అరణ్యంలో ఆకలిగొన్న ప్రభువును రాళ్లు రొట్టెలు చేసుకొమ్మని సాతాను శోధించాడని చిన్నప్పటి నుంచీ విన్నదాన్నే. నాకు వాడు ఆ మాత్రం శ్రమ కూడా పెట్టలేదు. ఏకంగా ఉడికించి, గుడ్డలో కట్టి, చేతికే ఇచ్చాడు.

"తండ్రీ, తప్పించు," అనుకున్నాను. అనుకుంటూనే ఎడమచెయ్యి గిన్నెలోకి వెళ్లింది. ఇంకా వాడని మూట ముడి విప్పింది. మిగతాది నాకు సరిగా గుర్తులేదు.

"ఏమ్మే, రెండో సెయ్యి యాడికి పోయినాది?" రంధ్రంలోంచి మునెమ్మగారి గొంతు.

నోటినిండా అన్నం. "మ్మ్," అన్నాను.

"ఒంటిసేత్తో రుద్దే పద్ధతా?"

"మ్మ్."

"కూనిరాగం తీస్తాండావా? తియ్యి, గొంతు బాగుండాది."

ఆ మెప్పుకు కళ్లు చెమర్చి రెండో మూట కూడా విప్పాను.

కాసేపటికి ఆమె, "సల్లబడిపాయ. వేడి మూట మార్సు," అంది.

గిన్నెలో రెండు గుడ్డలు మాత్రం పాలమీద తేలుతున్నాయి. తోచక ఒకటి ఉండచుట్టి ఆమె నడుం మీద పెట్టాను.

"ఇదేందిమే, ఇంత తేలిగ్గా ఉండాది? బియ్యం యాడ?"

ఆమె మోచేతుల మీద లేచి తిరిగి చూడటం, శైలజక్క తలుపు తెరవడం ఒకేసారి జరిగాయి. నా గడ్డం మీద ఎర్ర మెతుకులు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. నా తరఫున తేన్పు జవాబిచ్చింది.

"నా ఈపుకు రుద్దింది గాదు గదా నువ్వు తినింది?" అంది మునెమ్మగారు, అనుమానంగా.

"కాదమ్మా! వాడనిదమ్మా!" అని ఏడుస్తూ ఉపవాసం సంగతంతా కక్కేశాను. పొద్దున నుంచీ నేను చెప్పిన మొదటి నిజం అదే.

మునెమ్మగారు నవ్వడం మొదలుపెట్టింది. బల్ల కిర్రుమంది, గిన్నె కదిలింది. "ఇడ్లీ వద్దని నా మందు తిన్న్యావా తల్లీ! నేనూ గంగమ్మకు ఒక్కపొద్దుంటా. ఆపొద్దు పార ముట్టను. ఒక్కపొద్దుండేటప్పుడు సేద్యానికి కయ్యలోకి ఎవురన్నా దిగుతారామే?" తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఒంటిసేత్తోనే నడుము వదిలినాది. రెండు సేతులూ పెడితే యాడికన్నా ఎగిరిపోతానేమో. పనిలో పెట్టుకో."

శైలజక్క నన్నూ, ఖాళీ గిన్నెనూ మార్చి మార్చి చూసింది. "పెట్టుకుంటా. కానీ బియ్యం మర్దన మాత్రం నీకియ్యను. నూనె మర్దనే చెయ్యి." నూనె సీసా నా చేతికివ్వబోయి, "నూనె తాగవు గదా?" అంది.

ఆ ఆదివారం మా అమ్మ సంఘం ముందు నిలబడి, ఉపవాసం వల్లే తన కూతురికి ఉద్యోగం వచ్చిందని సాక్ష్యమిచ్చింది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే. అందులో అబద్ధమేముంది చెప్పండి?

ఉపవాసాలు ఇప్పటికీ ఉంటున్నాను, కాకపోతే సెలవు రోజున. ఇక మీ అందరి సాక్షిగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఎంత ఆకలేసినా, ఎవరి వీపు కోసం ఉడికిన బియ్యమైనా సరే, చక్కెర లేకుండా ముట్టను.