చిక్కుడుపాదు ముందు నా పెళ్లిచూపులు

ఫోన్లకు బొత్తాలు పోయి అద్దాలు వచ్చేశాయి గాని, పెళ్లికొడుకు గుణం తెలుసుకోవాలంటే మాత్రం ఇంకా మనిషే బస్సెక్కి రావలసిన రోజులవి. కోటబొమ్మాళిలో నాకు కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అరసవల్లి సంబంధం ఇంచుమించు కుదిరింది. ఫోటోలో ఆ పిల్లను చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు (టిఫిను సహించేది). "కుర్రాడు నెమ్మదస్తుడు" అని మావాళ్లు చెప్పిన ముక్క మీదే సంబంధమంతా నిలబడి ఉంది. అది నిజమో కాదో చూడడానికి పిల్ల మేనమామ ఏదో ఆదివారం చెప్పకుండా వస్తారని తెలిసింది. అందుకని ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధరుగు మీద వీలైనంత నెమ్మదిగా కూర్చునేవాణ్ణి.

నేను అద్దెకున్న ఇంటి మామ్మకి పెరడే లోకం. కార్తీకం సగమైంది. బంతి విరగబూసింది, ఆనపకాయలు గోడ దాటి పక్కింటివాళ్ల కూరలోకి పోతున్నాయి. చిక్కుడుపాదు మాత్రం పందిరంతా కమ్మేసి, ఆకులు తప్ప పువ్వన్నది చూపించలేదు. "బాగా పొగరెక్కిపోనాది, దీనికి భయం సెప్పాల" అంది మామ్మ. పూయని పాదును ఒకరు కత్తి పట్టుకుని నరుకుతానని బెదిరించాలి, ఇంకొకరు అడ్డుపడి బతిమాలాలి. అప్పుడది బుద్ధి తెచ్చుకుని పూస్తుందట. "మా ముసలాయన ఉన్నన్నాళ్లూ ఆయనే బెదిరించీవోడు. నువ్వు రా బాబూ."

ఆ ఆదివారం ఎండెక్కింది, ఇక మేనమామ రారనుకుని కత్తి పట్టుకున్నాను. "నరికేస్తానండీ" అన్నాను.

"అండీ ఏటి? పాదుకి మర్యాదేటి? గట్టిగా అరువు!"

అరిచాను. "ఇన్నాళ్లూ కూకోబెట్టి మేపాను! రేపటికల్లా దారికి రాకపోతే మొదలంటా నరికీస్తాను!" మామ్మ అడ్డం పడి, "వద్దు నాయినా! పసిది, దానికేటీ తెల్దు, ఈపాలికి ఒగ్గీ!" అని ఏడుపు లంకించుకుంది. నాకే భయమేసి పక్కకు తిరిగితే, సందు గుమ్మంలో చంకన గొడుగుతో, చేతిలో మిఠాయి పొట్లంతో ఓ పెద్దమనిషి నిలబడి ఉన్నారు. ఎవరో అడగక్కర్లేదు. నా కత్తి ఇంకా గాల్లోనే ఉంది. నా పెళ్లి మొదలంటా తెగిపోయిందనుకున్నాను.

"చిక్కుడు..." అన్నాను, కత్తితోనే పందిరి చూపిస్తూ.

ఆయన పందిరిని ఎగాదిగా చూశారు. పొట్లం బట్టలుతికే బండ మీద పెట్టి, పంచె ఎగ్గట్టి, "ఇలా తే. బెదిరించడమంటే ఇదేటి బాబూ? కత్తి వణికిపోతన్నాది" అని నా చేతిలోంచి లాక్కున్నారు. ఆయన వేసిన కేకకి పెరట్లో కోళ్లు గోడ దాటాయి, నేను మామ్మ వెనక్కి దాటాను. "సూస్తావేటి? బతిమాలు!" అన్నారు. రెండు చేతులూ జోడించాను. "వద్దండీ, మీకు దండం పెడతాను, ఈసారికి దయ చూపించండి, జన్మంతా మాట పడకుండా ఉంటాను" అని కళ్లనీళ్లతో బతిమాలాను. పాదు గురించి కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలిసిపోయింది కాబోలు, మీసాల్లో నవ్వుకున్నారు.

ఇంటికెళ్లి ఆయన చెప్పింది ఇదీ: "కుర్రోడికి బెదిరించడం రాదు గాని బతిమాలడం బాగా వొచ్చు. పిల్లనిచ్చీవొచ్చు."

మార్గశిరంలో చలి ముదిరాక పాదు విరగబూసింది. మామ్మ ఆ ఘనతంతా మేనమామగారికే ఇచ్చింది (చలి పడితేనే చిక్కుడు పూస్తుందని తర్వాత తెలిసినా నేను నోరు మెదపలేదు).

ఇప్పుడు మా డాబా మీద కుండీలో చిక్కుడు, ఈ ఏడూ ఆకులే. నిన్న మా ఆవిడ కత్తి పట్టుకుని, "మీరు బతిమాలండీ, అలవాటే కదేటి" అంది. చేతులు జోడిస్తుంటే ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, జాలీ వేసింది. అంత ఏడవక్కర్లేదురా, ఇచ్చారులే అని వాడి చెవిలో చెప్పాలనిపించింది.