బీరువాలో పెట్టిన డిస్కు

1987 మార్చిలో మా కంప్యూటర్ కంపెనీ నన్ను కర్నూలు సర్వీసు కేంద్రంలో ఇంజనీరుగా వేసింది. జిల్లాలో కంప్యూటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. వాటిని బాగుచేయడానికి మేము ఇద్దరం, నేనూ నా పైన ఒక సీనియర్ ఇంజనీరూ. పని నాది, సలహా ఆయనది. ఏ ఊరి నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా ఆయన చెప్పే మందు ఒకటే: కేబుల్ మార్చు.

నంద్యాలలో ఒక పత్తి రైతుల సహకార సంఘం నుంచి వచ్చిన ఫిర్యాదు నేను చేరిన కొత్తల్లోనే నాకు తగులుకుంది. బయటి డిస్కు ఉన్నట్టుండి చదవడం మానేస్తోందట. అప్పటి కంప్యూటర్లలో చాలావాటికి లోపల డిస్కు ఉండేది కాదు. లెక్కలు దాచే డిస్కు వేరే డబ్బాలో వచ్చేది. రెండు ఇటుకలంత ఉండే ఆ డబ్బాకు సొంత కరెంటు తీగ, వెనకవైపు చిన్న ఫ్యాను, కంప్యూటరుకు తగిలించే వెడల్పాటి కేబుల్ ఉండేవి. లోపల పళ్లెం గిర్రున తిరుగుతుంటే, వెంట్రుక కూడా దూరనంత దగ్గరగా హెడ్ అనే చిన్న మొన, కంటికి కనబడని గుండ్రటి గీతల వెంట కదులుతూ రాస్తుంది, చదువుతుంది. ఆ హెడ్ గీత తప్పిందంటే తెర మీద ఎర్రర్ పడుతుంది. అంతటితో పని బంద్.

సంఘం కార్యదర్శి సుబ్బరాయుడు నన్ను గుమ్మంలోనే ఆపి చెప్పులు విప్పించాడు. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్తే అపచారం. తలుపుకు నిమ్మకాయ, లోపల ఏసీ, ఏసీకి ఎదురుగా కార్యదర్శిగారి కుర్చీ. ఆయనకు వేరే గది ఉంది గానీ అందులో ఏసీ లేదు. మూలన ఇనప బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. దాని నడిమి అరలో, పట్టుగుడ్డ మీద, మా డిస్కు కొలువుదీరి ఉంది. వెల్డింగు షాపువాడితో బీరువా వెనక రంధ్రం వేయించి తీగలు బయటికి లాగారు. ఊరి పెద్దలు ఎవరొచ్చినా ఆయన దాన్ని చూపించి, రైతుల బతుకంతా ఈ డబ్బాలోనే ఉందని చెబుతాడట. బాగానే ఉంది వైభోగం అనుకున్నాను.

ఆ రోజంతా పరీక్షలు నడిపాను. డిస్కు మీద ప్రతి గీతా రాసి, తిరిగి చదివించి చూశాను. ఒక్క ఎర్రర్ పడితే ఒట్టు! సర్వీసు రిపోర్టులో "లోపం కనబడలేదు" అని రాశాను. మా వృత్తిలో అంతకంటే పరువు తక్కువ మాట లేదు.

వెళ్లబోతుంటే సుబ్బరాయుడు నన్ను పక్కకు పిలిచాడు.

"నీకు కనబడదప్పా. నేనుంటే బుద్ధిగా పనిచేస్తాది. నేను అట్ల ఆళ్లగడ్డకు పోతానే మొండికేస్తాది. లోపం డబ్బాలో లేదు, ఆ పాప చేతిలో ఉంది. చేయి మంచిది కాదు."

ఆ పాప అంటే ఆపరేటర్ సలోమి. కర్నూలులో టైపూ కంప్యూటరూ నేర్చుకుని వచ్చింది. తండ్రి చర్చిలో ఉపదేశి. ఆ ఇంటికి ఈమె జీతమే ఆధారం. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఆమెను తీసేయమని అడగబోతున్నానని కార్యదర్శి చెప్పాడు, అదీ ఆమే, గుమాస్తాలూ వినేటట్టుగానే. ఆమె కీబోర్డు మీంచి తల ఎత్తలేదు గానీ నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఆ బీరువా దగ్గరికి పోయే అధికారమే నాకు లేదు సారూ. ఇంక నా చేయి యాడ తగిలిందంట దానికి?"

సుబ్బరాయుడు వెళ్లి ఏసీకి ఎదురుగా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. మనిషి చేతి మీద నింద వేయడం ఎంత సులువు! యంత్రమైతే కనీసం పరీక్ష పెట్టమంటుంది.

మళ్లీ ఫిర్యాదు వచ్చింది. సీనియర్ సలహా ప్రకారం కేబుల్ మార్చాను. కార్యదర్శి గదిలోనే ఉన్నాడు, డిస్కు చక్కగా నడిచింది. నేను కర్నూలు చేరి కుదురుకోకముందే పాత కథ. ఈసారి స్టెబిలైజర్ మార్చాను. అదే తంతు. సుబ్బరాయుడు నా ముందు మీసం తిప్పలేదంతే.

నాలుగోసారి కబురు చేయకుండా వెళ్లాను. కార్యదర్శి లేడు. ఆళ్లగడ్డ శాఖ గోడౌను తనిఖీకి వెళ్లాడు. సలోమి ముందు తెర మీద ఎర్రర్ నిలబడి ఉంది. సమావేశం మర్నాడేనని చెప్పి, ఆమె మొహం తిప్పుకుంది. ఏసీ నడుస్తోంది. బీరువాకు మాత్రం తాళం వేసి ఉంది.

తాళంచెవి అడిగాను. గుమాస్తాలు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు. అది సార్ మొలతాడుకు ఉంటుందట. సార్ ఎక్కడుంటే చెవి అక్కడ. ఆయన ఊళ్లో ఉంటే బీరువా తెరిచి ఉంటుంది, ఊరు దాటితే తాళం పడుతుంది. డిస్కు మాత్రం లోపల తిరుగుతూనే ఉంటుంది.

ఎండలో బస్సెక్కి ఆళ్లగడ్డ చేరాను. పత్తి బేళ్ల మధ్య కుర్చీ వేసుకుని సుబ్బరాయుడు మజ్జిగ తాగుతున్నాడు. తాళంచెవి ఇమ్మంటే నడుం తడుముకున్నాడు.

"యాడన్నా ఇస్తారాప్పా? ఛార్జి నాది. రేపు డబ్బా పోతే నా జీతంలో కోస్తారు."

ఛార్జి అంటే సంఘం ఆస్తికి ఎవరు జవాబుదారీ అన్నది. ఆయనకు ముందున్న కార్యదర్శి హయాంలో ఒక టైపు మిషను మాయమై, ఆయన రిటైరయ్యేదాకా జీతంలో కోత పడిందట. అందువల్ల ఈయనది వట్టి డాబు కాదు, భయం కూడా. ఆ భయానికి ఇంకో మనిషి ఉద్యోగం బలి కావాలా అన్నదే నా గొడవ. చివరికి చెవి ఇవ్వకుండా, తనే జీపులో నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. సిరివెళ్ల దాటేదాకా చేతివాసి గురించే ఉపన్యాసం.

నంద్యాలలో బీరువా తలుపు తీయగానే మొహానికి సెగ కొట్టింది. డబ్బా మీద వేలు నిలవలేదు. ఏసీ చల్లదనం గదికే గానీ, ఇనప తలుపుల వెనక ఉన్న డిస్కుకు కాదు. ఫ్యాను ఉన్న వేడినే తిప్పి తిప్పి దాని నెత్తిన పోస్తోంది. వేడికి లోహం సాగుతుంది. పళ్లెం మీది గీత ఒకచోట, హెడ్ వెతికేది ఇంకొకచోట. చల్లబడితే మళ్లీ రెండూ కలుస్తాయి. ఇదంతా విడమరచి చెప్పాను.

"నంద్యాలలో వేడి లేంది యాడప్పా? చూస్తాండు, నేనొచ్చినా కదా, ఇప్పుడెట్ల నడుస్తాదో!" అన్నాడు.

తలుపు తెరిచి ఉంది, ఏసీ గాలి తగిలింది, కాసేపటికి డిస్కు నడిచింది. ఆయన ఆనందం పట్టలేక, తన మహిమ చూపించడానికి సంఘం అధ్యక్షుణ్ణే పిలిపించాడు. అధ్యక్షుడు పెద్ద రైతు, మితభాషి. నేను ఒక్కటే అడిగాను: సార్ ఇక్కడే కూర్చోవాలి, బీరువాకు మాత్రం తాళం వేయాలి.

తాళం పడింది. సుబ్బరాయుడు బీరువాకు ఆనుకుని కూర్చున్నాడు. సలోమి సభ్యుల ఖాతాలు ఎక్కిస్తూ పోయింది. టీలు వచ్చాయి, గ్లాసులు ఖాళీ అయ్యాయి. అధ్యక్షుడు ఈ ఏడు పత్తి ధర గురించి మొదలుపెట్టాడు. ఆ మాట సగంలో ఉండగానే తెర మీద ఎర్రర్ పడింది. సాక్షాత్తు కార్యదర్శి ఎదుటే!

అధ్యక్షుడు లేచి, తాళం తీయమన్నాడు. లోపల చేయి పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

"ఏంది సుబ్బరాయుడూ ఇది, దోసెల పెనమా?"

అధ్యక్షుడు సలోమి వైపు తిరిగి, రేపు నీ ఊసు ఎత్తంలేమ్మా, పని చూసుకో అన్నాడు. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని నిలబడింది.

"పదిమందిలో నా చేయి మంచిది కాదన్న్యాడు సారు. ఇప్పుడు కూడా పదిమంది ఉన్నారు. కాదని చెప్పమనండి, అప్పుడు కీబోర్డు ముట్టుకుంటా."

గుమాస్తాలు గుమ్మంలో గుమిగూడారు. సుబ్బరాయుడు పైకప్పు చూశాడు, ఏసీని చూశాడు, అధ్యక్షుణ్ణి చూశాడు. అధ్యక్షుడు కూడా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"తప్పు నీ చేతిది కాదులేమ్మా."

"మరెవరిది సార్?"

ఆయన చేతిలో తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు.

"బీరువాది," అన్నాడు.

సలోమి నవ్వలేదు. ఆ మాత్రం చాలన్నట్టు కూర్చుని, డిస్కు చల్లబడేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుంది. మర్నాటి సమావేశంలో, లోపం తానే కనిపెట్టినట్టు కార్యదర్శి చెప్పుకున్నాడనీ, ఆయన్ను అభినందిస్తూ తీర్మానం కూడా చేశారనీ తర్వాత విన్నాను. సలోమి ఉద్యోగం మాత్రం నిలిచింది.

యంత్రం అధికారి వస్తే బాగుపడి, పోతే చెడిపోతుంటే, ఆయన వెంట వచ్చి ఆయన వెంట పోయే వస్తువు ఏదో ముందు చూడాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఆఫీసుకు వెళ్లినా, స్క్రూడ్రైవర్ తీయకముందు, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగేవాణ్ణి. సగం రోగాలు ఆ ప్రశ్నతోనే తేలిపోయేవి.